క్యారేజీ విప్పే వేళకు పాఠం

నాంపల్లి గృహకల్పలోనో, గగన్‌ విహార్‌లోనో మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఏ సెక్షన్‌లోకి వెళ్లినా క్యారేజీ మూతల చప్పుడే. పై గిన్నెలో ఆలుగడ్డ వేపుడు, మధ్య గిన్నెలో పలుచటి చారు, అడుగు గిన్నెలో అదిమి అదిమి పెట్టిన అన్నం. అంచున ఆవకాయ ముద్ద, దాని నూనెకు ఎర్రబారిన నాలుగు మెతుకులు. పప్పు ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు. ఆకుకూర వారానికోసారి కనబడితే గొప్ప.

ఉద్యోగులకు పోషకాహారం మీద క్లాసు చెప్పేవాళ్లు ముందు ఈ గిన్నెలు చూడాలి.

చెప్పాల్సిన సంగతి కోసం దూరం పోనక్కర్లేదు. జాతీయ పోషకాహార సంస్థ మన తార్నాకలోనే ఉంది. 1918లో కూనూరులో ఒక్క గదిలో, బెరిబెరి జబ్బు మీద మెక్‌కారిసన్ అనే వైద్యుడు మొదలుపెట్టిన పరిశోధనే దానికి మూలం. 1958లో హైదరాబాదుకు వచ్చింది. పాలిష్ పట్టిన తెల్లబియ్యం తప్ప వేరే తిండి పెద్దగా లేనివాళ్లకు వచ్చే జబ్బు బెరిబెరి. నూరేళ్లు దాటినా మన క్యారేజీలో పెద్ద గిన్నె ఆ బియ్యానిదే. 2024లో ఈ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 2000 కిలోక్యాలరీల రోజువారీ తిండికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400 ఉండాలి. పళ్లెంలో సగం కూరగాయలకు, పండ్లకే పోవాలన్నమాట.

ఇక చాయ్. ఆబిడ్స్‌లో పనిచేసేవాళ్లను చాయ్ మానెయ్యమనడం నాకిష్టం లేదు. కానీ అన్నం తిన్న వెంటనే తాగితే పప్పులో, ఆకుకూరలో ఉన్న ఇనుము ఒంటికి సరిగా పట్టదు. గంట ఆగి తాగితే చాలు. తెలంగాణలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. తెల్లారకముందే లేచి అందరికీ డబ్బాలు కట్టి, మిగిలింది తన డబ్బాలో సర్దుకుని ఆఫీసుకొచ్చే అమ్మాయికి ఈ ఒక్క మాట చేరినా ఆ క్లాసు దండగ కాదు.

అసలు చిక్కు క్లాసుకు ఎవర్ని పిలుస్తామన్న దగ్గరే. కాన్ఫరెన్స్ హాల్లో సీట్లున్నవాళ్లు కూర్చుంటారు. ఏజెన్సీ కింద ఊడ్చే అమ్మలు, గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లు, డ్రైవర్లు బయటే ఉండిపోతారు. బయట తినక తప్పనివాళ్లలో ఎందరికో 2014లో నాంపల్లి సరాయి దగ్గర మొదలైన ఐదు రూపాయల భోజనమే ఆధారమైంది. తక్కువ డబ్బులో ఏం తింటే బలమో తెలియాల్సింది ముందు వాళ్లకు. క్యాంటీన్‌లో సాయంత్రానికి బజ్జీల బదులు ఉడికించిన శనగలు పెట్టాలా వద్దా అన్నది తేల్చేది క్యాంటీన్ మాస్టరు. ఆయన లేని క్లాసు సగం క్లాసే.

సెప్టెంబరు 1 నుంచి 7 దాకా జాతీయ పోషకాహార వారం. మీ ఆఫీసులో ఆ వారం క్లాసు పెడితే క్యారేజీలు విప్పే వేళకే, భోజనాల గదిలోనే పెట్టించండి. నోటీసు కాపీ ఒకటి క్యాంటీన్‌కు, ఒకటి ఏజెన్సీ సూపర్‌వైజరుకు పంపండి. ఊడ్చే అమ్మలకు ఆ గంట కూలి కోయవద్దని అందులోనే రాయించండి.