ఆలేరులో ఆసు యంత్రము

“ఆసులో కండెవలె తిరుగుచున్నాను” అని వంటయింటికిని వాకిటికిని నడుమ మనము దినమున కెన్ని మాఱులనుకొందుమో లెక్కలేదు. ఆ ఆసన నెట్లుండునో గత మాఘమాసమువఱకు నేను చూచి యెఱుగను.

కొలనుపాకలోని జైనదేవాలయమును దర్శించి ఆలేరు రైలుస్టేషనునకు మరలితిమి. ఆ దేవాలయమును గూర్చి పలువురు వ్రాసియే యున్నారు గాన విడిచెదను. బండికి మూడు గంటల వ్యవధి యుండుటచే, నేతవారి వాడలో మాకు తెలిసిన కుటుంబమును చూడబోయితిమి.

సోదరీమణులారా! పోచంపల్లి చీరమీది పువ్వు మగ్గముమీద పుట్టునది కాదు. నేయుటకు ముందే నూలును అక్కడక్కడ బిగించి కట్టి రంగులో ముంచుదురు. కట్టిన చోట రంగెక్కదు. అందుకై పేకదారమును ముందుగా వరుస తప్పక పఱచుకొనవలయును. అర్ధచంద్రాకారముగ నిలిపిన చీలలకును, ఎదుటనున్న ఒంటి చీలకును నడుమ దారమును త్రిప్పుటయే ఆసు పోయుట. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 మాఱులు పోయి రావలయును. నాలుగైదు గంటల పని. దినమునకు రెండు చీరలైనచో 18,000! ఈ పని తరతరములుగ ఆడువారిదే. చీర బేరమాడునపుడు ఈ లెక్క నాకెన్నడును తట్టలేదు.

ఆలేరు దాపుననున్న శారాజీపేటలో చింతకింది మల్లేశమను నేతగాడు, తల్లి లక్ష్మి భుజపునొప్పి చూడలేక, చదువు నడుమనే ఆగినవాడైనను 1992లో యంత్రమునకు పూనుకొనెను. చేతికి డబ్బు వచ్చినపుడొక భాగము, రానపుడు ఇరుగుపొరుగుల పరిహాసము. 1999లో యంత్రము పూర్తియయ్యెను. దానికి తల్లి పేరే పెట్టెను. దానితో చీరకు గంటన్నర చాలును. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించెను.

మేము పోయిన చోట మూడిండ్లవారు కలిసి వాడుకొను రేకుల పాకలో అట్టి యంత్రమొకటి విప్పబడి యుండెను. దారము నడిపించు సన్నని గొట్టము అరిగి, ఒక చీలను దాటివేయుచున్నదట. ఒక్క పోగు తప్పినచో పువ్వు అంచు చెదరును. పెండ్లిండ్ల చీరలకు గడువు నాలుగే దినములు. ఇనుపపని తెలిసిన యువకుడొకడు ఆకురాయితో క్రొత్త గొట్టమును నునుపు చేయుచుండగా, ఇంటి యిల్లాలు అడిగెను:

“తమ్మీ, ఎట్లనో విప్పినవు గద, జర కిందికి దించు. రోజూ ఇటుక మీద నిలవడి ఎన్ని దినాలు చెయ్యాలె?”

ప్రక్కయింటి యామె ఒప్పుకొనలేదు. “మా కోడలు పొడుగున్నది. దించితే దాని నడుము ఏం గావాలె?”

వాదము కొంత పెరిగెను. యంత్రమును నిర్మించువారు చేతిని తలచిరి కాని, నిలుచువారి పొడవును తలవలేదని నాకు తోచెను. తుదకు ఆ యువకుడు కాళ్లకు నాలుగేసి రంధ్రములు తొలిచి, మఱలతో ఎత్తును దించి పెంచుకొనునట్లు చేసెను. రెండు గంటలు పట్టినది.

అంతలో ఆ యింటి వృద్ధురాలు మూలనున్న పాత ఆసును దింపించి నాకు చూపెను. నేనును దారము త్రిప్పితిని. నలువదవ మాఱునకే భుజము గుంజెను.

“అప్పుడే ఆగినవా బిడ్డా? ఇంక కొంగు గూడ కాలే!” అని ఆమె నవ్వెను. ఆమె కుడిచేయి తలకన్న పైకి లేవదు. జడ కోడలు వేయవలసినదే.

యంత్రము మరల కదిలినది. ఇల్లాలు ఇటుకను కాలితో ప్రక్కకు త్రోసి, తొలి వరుసను వ్రేలితో లెక్కించి, మఱియొకమాఱు లెక్కించి, “సరిపాయె” అనెను. మేము స్టేషనునకు పరుగెత్తితిమి.