ఊరు కట్టి చూడు!

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఆ రెండింటిలోని అవస్థలు పడ్డవాళ్ళే ఆ మాట అని ఉంటారు, సందేహం లేదు. కానీ "ఊరు కట్టి చూడు" అని మాత్రం ఎవరూ అనలేదు. మన పల్లెల్ని ఎవరూ కొలత పెట్టి కట్టలేదు మరి. చెరువు కింద పొలం, పొలానికి దగ్గరగా ఇల్లు, ఆ ఇంటిని ఆనుకుని ఇంకో ఇల్లు. ఊరు దానంతట అదే పెరిగింది.

ఇప్పుడా రోజులు పోయాయి. ఇరవై ఏళ్ళ తర్వాత ఎక్కడ ఇళ్ళు లేవాలో, ఎక్కడ పంట ఉండాలో ముందే కాగితం మీద గీస్తున్నారు. దానికి మాస్టర్ ప్లాన్ అని పేరు. క్రికెట్ స్కోర్లు, సినిమా పాటలు నోటికి వచ్చే మనకు, రేపు మనం కాపురం పెట్టబోయే వీధి ఆ ప్లాన్‌లో ఏ రంగులో ఉందో మాత్రం తెలియదు. ఈ నాలుగు మాటలూ రాయడానికి కారణం అదే.

ప్లాన్ అంటే రంగుల పటం. పసుపు వేస్తే నివాసం, నీలం వేస్తే వ్యాపారం, ఊదా వేస్తే పరిశ్రమ, ఎరుపు వేస్తే బడి, ఆసుపత్రి వగైరా. ఆకుపచ్చ అయితే పార్కో, పొలమో. గీసేవారికి అది బొమ్మే కావచ్చు గానీ, భూమి ఉన్నవాడికి అది బతుకు. నగరం పొలిమేరలో ఉన్న మా ఊళ్ళో ఆ పటం గోడకు అంటించిన రోజున ఒక పెద్దాయన నన్ను పిలిచాడు.

"బిడ్డా, నా మూడెకరాలకు పచ్చరంగు ఏసిండ్రట. పచ్చగుంటే మంచిదే గదా?"

"అట్ల కాదు తాతా. అక్కడ ఇండ్లు కట్టనియ్యరు, ఎవుసమే చెయ్యాలె అని దానర్థం" అన్నాను.

ఆయన కాసేపు ఊరుకుని, "మరి గట్టు అవతల భూమి పట్నపాయన కొన్నడు. గది పసుపు. ఆయనకు పసుపెట్లొచ్చింది?" అన్నాడు.

ఇన్నేళ్ళ చదువులో ఏ పరీక్షలోనూ నాకింత కఠినమైన ప్రశ్న రాలేదు. గట్టుకు ఇటు ఎకరం లెక్కన ధర, అటు గజం లెక్కన ధర. నడుమ ఉన్నది ఒక గీత. ఆ గీత ఎక్కడ పడాలో ఎవరు నిర్ణయించారు, ఎప్పుడు నిర్ణయించారు, అప్పుడు ఆ తాత ఎక్కడున్నాడు? ఊరి భవిష్యత్తును ముందుగా ఆలోచించడం తప్పు కాదు. ఆలోచించేవారి మధ్య ఆయనకు చోటు లేకపోవడమే తప్పు.

అసలు మనకు ముందుచూపు లేదా అంటే, ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేల ప్రాణాలను బలి తీసుకుంది. ఆ దెబ్బతో పుట్టిందే 1912 నాటి సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు. ఇరుకు బస్తీలను విప్పడం, రోడ్లు వెడల్పు చేయడం, పేదలకు ఇళ్ళు కట్టించడం దాని పని. విశ్వేశ్వరయ్య గారి సలహా ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ లేచాయి. వరద ఆపడానికీ అవే, తాగడానికీ అవే. అంటే ఇళ్ళ లెక్కతోపాటు నీళ్ళ లెక్క కూడా వేశారన్నమాట. వందేళ్ళ కిందటి ఆ తెలివి తర్వాత ఎందుకు పలచబడిందో ఆలోచించాలి.

తర్వాతి కథ క్లుప్తంగా చెబుతాను. 1975లో హుడా వచ్చింది. 2007లో పన్నెండు మునిసిపాలిటీలు, ఎనిమిది గ్రామ పంచాయతీలు కార్పొరేషన్‌లో కలిసి గ్రేటర్ హైదరాబాద్ అయింది. 2008లో హెచ్.ఎం.డి.ఎ. ఏర్పడి సుమారు 7,200 చదరపు కిలోమీటర్లకు బాధ్యత తీసుకుంది. 2031 వరకు పనికొచ్చేలా శివారు ప్రాంతాలకు తయారైన ప్లాన్ 2013లో వెలువడింది. సంస్థలకు కొదవ లేదు, చట్టాలకు అంతకన్నా కొదవ లేదు. కానీ ఏ ప్లాన్‌కైనా పునాది జనాభా లెక్క. 2021లో జరగవలసిన జనగణన ఆ ఏడు జరగనే లేదు. 2011 నాటి కొలతలతో చొక్కా కుట్టిస్తే ఎదిగిన పిల్లవాడికి పడుతుందా?

ఇక ప్లాన్ ఒక దారిన, ఊరు ఇంకో దారిన ఎందుకు పోతున్నాయో ఒక చిన్న లెక్కతో చూద్దాం. ఎకరానికి 4,840 చదరపు గజాలు. సక్రమంగా లేఅవుటు వేస్తే పదోవంతు ఖాళీ జాగా వదలాలి, అంటే 484 గజాలు. రోడ్లకు ముప్పై శాతం పోయిందనుకోండి, మరో 1,452 గజాలు. అమ్ముకోవడానికి మిగిలేది 2,904. అనుమతి జోలికి పోకుండా, పార్కు మానేసి, రోడ్లు సన్నం చేస్తే ఎకరానికి ఏడెనిమిది వందల గజాలు అదనంగా అమ్మవచ్చు. ఆ గజాలు ఆకాశం నుంచి ఊడిపడవు. రేపు ఆ వీధిలో పిల్లలు ఆడుకోవలసిన చోటు, ఫైరింజన్ తిరగవలసిన చోటు, వాననీరు పారవలసిన చోటు, ఈ మూడింటినీ కోసి అమ్మిన గజాలవి.

మా చిన్నాయన అటువంటి చోటే నూటయాభై గజాలు కొన్నాడు. పాతికేళ్ళ ఉద్యోగంలో కూడబెట్టిన సొమ్ము. అమ్మినవాడు చూపించిన రంగుల కాగితంలో పార్కు ఉంది, గుడి ఉంది, ఉయ్యాల కూడా ఉంది. రిజిస్ట్రేషన్ అయింది, పన్నుకు రసీదు వచ్చింది. ఇల్లు కడదామని పర్మిషన్‌కు వెళ్తే "ఇది అనుమతి లేని లేఅవుటు" అన్నారు. ప్రభుత్వం స్టాంపు డ్యూటీ తీసుకున్న ప్లాటును ప్రభుత్వమే ప్లాటు కాదనడం చిన్నాయనకు ఈనాటికీ అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే నాకూ పూర్తిగా అర్థం కాలేదు.

ఇటువంటివారు ఒక్కరా, ఇద్దరా? 2020లో తెలంగాణలో లేఅవుట్ల క్రమబద్ధీకరణ, అదే ఎల్.ఆర్.ఎస్., ప్రకటిస్తే 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టుకుని జనం ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. 2025లో ఫీజులో పాతిక శాతం తగ్గింపు ఇచ్చి మళ్ళీ పిలిచారు. ఆ ఫీజులో ఒక పద్దు చూడండి. వదలవలసిన ఖాళీ జాగా వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం కట్టాలి. పార్కు మింగినవాడు ఒకడు, డబ్బు కట్టేవాడు మరొకడు. పోనీ, డబ్బు కట్టిన మాత్రాన ఆ వీధిలో పార్కు మొలుస్తుందా? రసీదు మీద పిల్లలు బంతాట ఆడలేరు కదా!

చెరువుల సంగతి ఇంకా విచారకరం. మన చెరువు శిఖం ఎండాకాలంలో చూస్తే చక్కని మైదానం. ప్లాట్లు చూపించేది కూడా సాధారణంగా ఎండాకాలంలోనే! పాతిక ఎకరాలకు మించిన చెరువు చుట్టూ 30 మీటర్లు, చిన్న చెరువు చుట్టూ 9 మీటర్లు వదలాలని నిబంధన ఉంది. నిబంధన కాగితంలో ఉంది, నీరు నేలమీద ఉంది. 2000 ఆగస్టు 24న ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు, 2020 అక్టోబరులో కుండపోత కురిసినప్పుడు, నీళ్ళు తమ పాత చిరునామా వెతుక్కుంటూ ఇళ్ళలోకి వచ్చాయి. నీటికి మాస్టర్ ప్లాన్ చదవడం రాదు. పల్లం మాత్రం బాగా తెలుసు.

"కొనేవాళ్ళకు బుద్ధి ఉండొద్దా?" అనేవారున్నారు. ఆ మాటతో నేను ఏకీభవించలేను. అన్ని హంగులూ ఉన్న ప్లాటు గుమాస్తాకు, మేస్త్రీకి, ఆటో నడిపేవాడికి అందే ధరలో లేనప్పుడు వాళ్ళు అందేదాన్నే కొంటారు. ఒకప్పుడు హౌసింగ్ బోర్డు కూకట్‌పల్లి వంటి చోట ముందే స్థలం సేకరించి, రోడ్లు వేసి, మధ్యతరగతి వారికీ తక్కువ ఆదాయం వారికీ ఇళ్ళు ఇచ్చింది. ఆ పని సన్నగిల్లిన చోటల్లా దొంగ లేఅవుటు దొరలా వచ్చి కూర్చుంది. రేపు పెరగబోయే జనానికి ఇవాళే చోటు చూపించకపోతే, జనం పెరగడం ఆగదు. చోటు మాత్రం చెరువులో దొరుకుతుంది.

మరి గీత గీసే అధికారం ఎవరిది? 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూలు చేర్చి, మునిసిపాలిటీలకు అప్పగించదగిన 18 పనులను పేర్కొంది. మొట్టమొదటిది పట్టణ ప్రణాళిక. రెండోది భూవినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ. వీధిదీపాలు పదహారు అంశాల తర్వాత ఎక్కడో వస్తాయి. మన వార్డు మెంబరుని మనం అడిగేది మాత్రం వీధిదీపం గురించే. నగరాల్లో ప్లాను తయారుచేసేది మనం ఓటు వేసి పంపిన కౌన్సిలు కాదు, ప్రభుత్వం నియమించిన అథారిటీ. ఓటు ఒకచోట, పటం ఒకచోట. ఈ రెండూ కలవనంతకాలం ఆ తాత ప్రశ్నకు జవాబు దొరకదు.

అయినా ఒక చిన్న కిటికీ ఉంది. ముసాయిదా ప్లాన్ వెలువడినప్పుడు అభ్యంతరాలు, సూచనలు పంపమని ప్రకటన వేస్తారు, గడువు ఇస్తారు. భూములమ్మేవారు ఆ ప్రకటనను భూతద్దం పెట్టి చదువుతారు. ప్లాట్లు కొనేవారు ఆ పేపరులో పకోడీలు పొట్లం కట్టుకుంటారు.

మిత్రులారా! మన యూనియన్ ఏటా ఎన్నో కార్యక్రమాలు చేస్తోంది. మొక్కలు నాటుతున్నాం, రక్తదానం చేస్తున్నాం. సంతోషమే. వాటితోపాటు ఒక పని చేద్దాం. మన చుట్టుపక్కల ఏ పట్టణానికి ముసాయిదా వచ్చినా, ఆ పటాన్ని, సర్వే నెంబర్ల జాబితాను పట్టుకుని పది మందిమి ఊళ్ళోకి పోదాం. రచ్చకట్ట దగ్గర కూర్చుని, ఏ నెంబరుకు ఏ రంగు పడిందో, రంగుకు అర్థమేమిటో తెలుగులో చెబుదాం. చెరువు అలుగు ఎటు పారేదో ముసలివాళ్ళనడిగి పటంలో గుర్తు పెడదాం. అభ్యంతరాలు రాసిపెట్టి గడువులోగా అందేలా చూద్దాం. ఇంజనీరింగ్ చదివేవారు కొలుస్తారు, లా చదివేవారు రాస్తారు, మిగతావాళ్ళం మాట్లాడతాం. మరో పదేళ్ళకు మనమే ఆ వీధుల్లో అప్పు చేసి ఇల్లు కొనేది. అప్పుడు ఏడవడానికి బదులు ఇప్పుడు అడుగుదాం.