మత్తు సూదికి ముందు అడగని ప్రశ్న

ఎడిటర్ గారు నన్ను హబ్సిగూడ పంపింది ఒక జన్యు పరీక్షల ల్యాబ్‌లో కొత్తగా దించిన సీక్వెన్సింగ్ యంత్రం గురించి రాయమని. యంత్రం చూశాను. తెల్ల పెట్టె, ముందు ఒక తెర. మేనేజరు గారు దాని వేగం వర్ణిస్తుంటే నా చూపు పక్క బల్ల మీదికి పోయింది.

అక్కడ ఒక టెక్నీషియనమ్మ ఊదా మూత గొట్టంలోని నెత్తురు నుంచి డీఎన్ఏ తీస్తోంది. ఎర్రకణాలు, ప్రొటీన్లు అప్పటికే వదిలించేసింది. మిగిలిన తేట నీటిలోకి చల్లటి ఆల్కహాల్ వదిలి, గొట్టాన్ని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా తిరగేసింది. కుదిపితే పోగు తెగుతుందట. కాసేపటికి ఏకిన దూదిలా తెల్లటి పోగు తేలింది.

"ఇప్పుడన్నీ కిట్లే సార్. చేత్తో తీసేవాళ్లం కొద్దిమందిమే," అంటూ చేతులు కడుక్కుని, పేర్లు కొట్టేసిన రెండు పాత కాగితాలు తెచ్చింది. అన్నదమ్ములవి. డీఎన్ఏ అక్షరాలు నాలుగు రంగుల శిఖరాలుగా అచ్చయి ఉన్నాయి. అన్న కాగితంలో ఒకచోట ఎరుపు, నీలం ఒకదాని మీదొకటి ఎక్కాయి. "అమ్మ వైపు ఒక అక్షరం, నాన్న వైపు ఇంకొకటి. ఈయనకు ఇబ్బంది లేదు. తమ్ముడిది చూడండి, ఎరుపే లేదు." ఆమె గోరు ఆ నీలి శిఖరం మీద ఆగింది.

టీ ఉండాల్సిన చోట సీ. అంతే తేడా. దాంతో బ్యూటిరిల్‌కోలినెస్టరేస్ అనే ఎంజైమ్‌లో 307వ స్థానంలో లూసిన్ పోయి ప్రోలిన్ వస్తుంది, ఎంజైమ్ పనికిరాకుండా పోతుంది. రోజువారీ బతుక్కి ఏ లోటూ ఉండదు. కానీ ఆపరేషన్ బల్ల మీద శ్వాసగొట్టం వేయడానికి స్కోలిన్ ఇస్తే, మామూలుగా ఈ ఎంజైమ్ వల్ల నిమిషాల్లో విరిగిపోయే ఆ మందు గంటల తరబడి కండరాలను కట్టిపడేస్తుంది. అంతసేపూ వెంటిలేటరే ఊపిరి. ఈ మార్పును 2006లో ఆర్య వైశ్యుల్లో గుర్తించారు. 102 గోత్రాలు చూసి పెళ్లిళ్లు చేసుకున్నా, ఏనాటివో కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగిన సమూహం కావడంతో లోపం వాళ్లలో తిరుగుతూనే ఉంది. ఇది ఒక్క కులం కథ కాదు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్ బృందం, హార్వర్డ్ వాళ్లు కలిసి 2017లో 260కి పైగా దక్షిణాసియా సమూహాలను పరిశీలిస్తే, 81 సమూహాల్లో కొద్దిమంది పూర్వీకుల వల్ల వచ్చిన ఈ ఇరుకు ఫిన్లాండ్ వాళ్లకంటే ఎక్కువని తేలింది.

రిపోర్టు కోసం వచ్చిన ఒక మత్తు డాక్టరు గుమ్మం దగ్గర మేనేజరుతో గొడవపడుతున్నాడు. "షుగర్ అడుగుతాం, బీపీ అడుగుతాం. మీ ఇంట్లో ఎవరికైనా మత్తు తర్వాత ఊపిరి ఆలస్యంగా వచ్చిందా అని ఎవరూ అడగరు!"

ఆయన కోపం నాకూ అంటుకుంది. ఈ ఎంజైమ్ కొలవడానికి కొత్త యంత్రం అక్కర్లేదు. పురుగుమందు తాగి గుంటూరు, వరంగల్ ఆసుపత్రులకు వచ్చే రైతులకు చేసే కోలినెస్టరేస్ పరీక్ష చాలు. స్కోలిన్‌కు బదులు వాడే మందులూ ఉన్నాయి. అయినా రిసెప్షన్‌లో దొరికే రంగుల కరపత్రం మాత్రం నా గుండెజబ్బు, నా షుగరు ముప్పును మార్కులేసి చెబుతానంటోంది. ఆ మార్కుల లెక్కలు చాలావరకు యూరప్ సంతతివాళ్ల డేటా మీద కట్టినవి, మనవాళ్ల దగ్గర తడబడతాయి. జీనోమ్ ఇండియా ప్రాజెక్టు చదివిన 10,000 మంది జన్యువులతో ఆ లోటు కొంత పూడొచ్చు. పూడనీ. ఈలోగా ఖాయంగా తెలిసినదాన్ని గాలికొదిలేయడం ఎందుకు?

ఆ తమ్ముడి కాగితం ఇంట్లో ఏం చేశారని టెక్నీషియనమ్మను అడిగాను. "బీరువాలో పెట్టేశారట సార్. సంబంధాలు చూస్తున్నారు కదా." జేబులో స్కోలిన్ వద్దన్న చీటీ ఒకటి ఉంటే సరిపోయే విషయానికి పెళ్లి చెడుతుందన్న భయం!

డాక్టరుగారు బయటికి వెళ్తుంటే ఆపి, మీరు అడుగుతారా అన్నాను.

"నేను అడుగుతానండీ. నేను డ్యూటీలో లేని రోజు ఎవరడుగుతారు?"