పలాస షావుకారు, నీళ్ల ట్యాంకరు

పలాస–కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీని వాసనతోనే పట్టేయొచ్చు. ఉడికిన పిక్కల ఆవిరి, బాయిలర్లో కాలే తొక్కల పొగ కలిసి గొంతు పట్టేస్తాయి. నేను వెళ్లింది పప్పు కోసం కాదు. ఉద్దానం ఊళ్లలో పూరిల్లు అంటుకుంటే 101కి ఫోన్ చేసినవాళ్లే ఆ వెంటనే ఇక్కడి ఫ్యాక్టరీ షావుకారుకీ చేస్తారని విని వెళ్లాను.

ఆయనకు హోదా ఏమీ లేదు. ఉన్నవల్లా బోరు, మోటారు, ట్రాక్టరు ట్యాంకరు, పిలిస్తే పలికే కళాసీలు. అమెరికాలో పుట్టి ఉంటే వాలంటీర్ ఫైర్ చీఫ్ అనేవారు. అక్కడ 1736లో ఫిలడెల్ఫియాలో అలాంటి దళం పెట్టిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడా ప్రెస్సు నడుపుకునే వ్యాపారే. సభ్యులంతా తోలు బకెట్లు, సంచులు సిద్ధంగా ఉంచుకోవాలని షరతు పెట్టాడు. చిలీలో నేటికీ మంటలార్పేది జీతం లేని వాలంటీర్లే. మన దగ్గర అది సర్కారు పని. పలాసలో ఫైర్ స్టేషన్ ఉంది కూడా. అయితే తోటల మధ్య ఇరుకు దారుల్లో బండి ఊరు చేరేలోగా కొబ్బరాకు కప్పు ఆగదు కదా!

"కాలుతున్న ఇంటిని వదిలీయాలండి. దాని పక్కిల్లు చూసుకోవాల," అన్నాడాయన.

మొదట వినడానికి కటువుగా తోచింది. కానీ ఇక్కడి పాత వీధుల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని వరసగా ఉంటాయి. ఒక కప్పు అంటుకుంటే గాలివాటున వరసంతా పోతుంది. అందుకే ముందు గ్యాస్ సిలిండర్లు బయటికి, పశువుల పలుపులు తెంపడం. తరవాత, కాయలు కోసే దోటితోనే పక్కింటి కప్పులో నాలుగు మూరలు లాగేసి మంటకు దారి తెంచుతారు. మిగిలిన కప్పు మీద తడి గోనెలు పరుస్తారు. 80 కిలోల పిక్కల బస్తాలు ఖాళీ అయ్యాక ఆ గోనెలకు ఇంతకన్నా మంచి ఉపయోగం నాకు తోచలేదు.

పెరట్లో తొక్కల గుట్ట చూశాక ఆయన హడావుడికి ఇంకో కారణం దొరికింది. ఒక తొక్క తీసి పట్కారుతో నొక్కాడు. చిక్కటి గోధుమరంగు నూనె ఊరింది. ఒంటికి తగిలితే పొక్కుతుంది, నిప్పు తగిలితే నల్లటి పొగతో భగ్గుమంటుంది. రంగుల తయారీకి, బండి బ్రేకులకు పనికొచ్చే నూనె ఇది. మండే నూనె మీద నీళ్లు పోస్తే మంట పాకుతుందని పక్కనే ఇసక బకెట్లు పెట్టించాడు.

"రేపు ఇది అంటుకుంటే ఆ ఊళ్లోళ్లే రావాల కదండీ!" అన్నాడు. వ్యాపారి లెక్క. నాకు అది ఉత్త దాతృత్వం కన్నా నమ్మకంగా అనిపించింది.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పేలిన ఓడ దగ్గర చనిపోయిన అగ్నిమాపక సిబ్బంది జ్ఞాపకార్థం ఏటా ఆ రోజు నుంచి వారం పాటు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. ఇక్కడ అది సరిగ్గా కప్పుల మీది ఆకు ఎండి పెళపెళలాడే కాలం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తోటల్ని కూల్చేశాక ఎక్కడ చూసినా ఎండు కట్టే. షావుకారు ట్యాంకరు అప్పుడే కొన్నాడట.

లోపల గ్రేడింగ్ బల్ల దగ్గర ఒకావిడ 320 రకం పప్పు ఏరుతోంది. పౌండుకు మహా అయితే 320 గుళ్లు తూగే రకం. షావుకారు అటు వెళ్లగానే అందుకుంది.

"మంటంటే అందరూ సావుకారుబాబు పేరే సెప్తారు. రేత్తిరి లెగిసి టాంకీ నింపిందెవులు? మా మావ!"

ఆ రాత్రికి కూలి ఇస్తారా అని అడిగాను.

"ఇత్తారు బాబూ. అడిగితే ఇత్తారు."