మడమను అచ్చు వేసిన ఊరు

మెల్‌బోర్న్ వెళ్లినవాళ్లు ఏం చూస్తారు? ఎంసీజీ క్రికెట్ గ్రౌండు, గోడల నిండా బొమ్మలున్న హోజియర్ లేన్, ఓపికుంటే గ్రేట్ ఓషన్ రోడ్డు. నేనూ అవన్నీ చూశాను. కానీ ఎక్కువసేపు నిలబడిపోయింది మాత్రం ఒక ఆసుపత్రి ముందున్న ట్రామ్ స్టాప్‌లో.

దాని పేరు సెయింట్ విన్సెంట్స్ ప్లాజా. పార్లమెంట్ స్టేషన్‌లో దిగి కాస్త నడిస్తే వచ్చేస్తుంది. విక్టోరియా పరేడ్ అనే వెడల్పాటి రోడ్డు, మధ్యలో ట్రామ్ పట్టాలు, ఎదురుగా సెయింట్ విన్సెంట్స్ ఆసుపత్రి. 1893లో సిస్టర్స్ ఆఫ్ చారిటీ సన్యాసినులు ఇదే రోడ్డు మీద మామూలు ఇళ్లలో దీన్ని మొదలుపెట్టారు. దగ్గర్లోనే కన్ను, చెవి ఆసుపత్రి. 1978లో డాక్టర్ గ్రేమ్ క్లార్క్ తన అనేక ఛానెళ్ల కాక్లియర్ ఇంప్లాంట్‌ను మొదటిసారి మనిషికి పెట్టించింది అక్కడే. మన ఆరోగ్యశ్రీలో వినికిడి లేని పిల్లలకు పెడుతున్నది ఆ కుటుంబానికి చెందిన పరికరమే. అంటే ఈ మూల మీద జరిగిన పని మన ఊళ్ల దాకా రాగలదన్నమాట. ఇక్కడ ఇంకో పని కూడా జరిగింది. నేను వెతుక్కుంటూ వచ్చింది దాని కోసమే.

కాలు తీసేయాలన్నారు

2014లో డెబ్బై దాటిన ఒక బిల్డర్ మడమ నొప్పితో ఈ ఆసుపత్రికి వచ్చాడు. మడమ ఎముకలో క్యాన్సర్. మృదులాస్థి కణాల నుంచి పుట్టే రకం. అలాంటి చోట కణితి వస్తే మామూలుగా మోకాలి కింద కాలు తీసేస్తారు. ఎందుకంటే అడుగేసిన ప్రతిసారీ ఒంటి బరువంతా పడేది మడమ మీదే. దాన్ని తీసేస్తే అక్కడ ఏం పెట్టాలి?

సర్జన్ పీటర్ చూంగ్‌కి ఒక ఆలోచన వచ్చింది. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ టైటానియంతో 3డీ ప్రింటింగ్ చేస్తోందని ఆయనకు తెలుసు. వాళ్లకు కబురు పెట్టారు. అనాటమిక్స్ అనే స్థానిక కంపెనీ స్కాన్‌ల ఆధారంగా డిజైన్ చేసింది. రెండు వారాల్లో మడమ తయారైంది. జులైలో ఆపరేషన్ జరిగింది. మూడు నెలలకు ఆ పెద్దాయన కాలు నేల మీద ఆనించి కొంత బరువు మోపగలిగాడు. తన సొంత కాలు!

క్లేటన్‌లో ఒక మధ్యాహ్నం

ఆ మడమ పుట్టిన చోటు కూడా చూడాలనిపించింది. సిటీ నుంచి ఆగ్నేయంగా లోకల్ రైల్లో వెళ్తే క్లేటన్. స్టేషన్ బయట ఇండియన్ కిరాణా కొట్లు, దోసెల వాసన. మోనాష్ యూనివర్సిటీ పక్కనే కావడంతో మన కుర్రాళ్లు చాలామంది కనిపిస్తారు. అక్కడే చదువుతున్న మా పిన్ని కొడుకు నాతో వచ్చాడు. సీఎస్ఐఆర్ఓ ల్యాబుల్లోకి టూరిస్టుల్లా దూరిపోవడం కుదరదు కదా, బయట నుంచే చూశాం. 2015లో ఇక్కడ లోహాల ప్రింటింగ్ కేంద్రానికి ‘ల్యాబ్ 22’ అని పేరు పెట్టారు. టైటానియం పరమాణు సంఖ్య 22 మరి. స్పెయిన్‌లో ఛాతీ క్యాన్సర్ వచ్చిన ఒకాయనకు రొమ్ము ఎముక, పక్కటెముకల భాగం ప్రింట్ చేసి పంపింది కూడా ఇక్కడి నుంచే.

“అన్నా, ప్రింటింగ్ అంటే మన జిరాక్స్ షాపు లాగా అనుకుంటారు ఇంట్లోవాళ్లు” అని నవ్వాడు వాడు.

నిజానికి ఇది ముగ్గు వేసినట్టు ఉంటుంది. టైటానియం మెత్తటి పొడిని పల్చగా పరుస్తారు. ఎలక్ట్రాన్ కిరణం ఎక్కడ కావాలో అక్కడే దాన్ని కరిగిస్తుంది. దానిపైన మళ్లీ ఒక పొర పొడి, మళ్లీ కరిగించడం. అలా పొర మీద పొర పేరుకుని ఎముక ఆకారం వస్తుంది. ఈ టైటానియం ఎక్కడో ఆకాశం నుంచి ఊడిపడదు. భీమిలి బీచ్‌లో కాళ్లకు అంటుకునే నల్ల ఇసుకలో ఇల్మనైట్ ఉంటుంది చూడండి, అది టైటానియం ఖనిజమే.

అసలు కిటుకు గట్టిదనంలో లేదు, రంధ్రాల్లో ఉంది. ముద్ద టైటానియం ఎముక కంటే ఎన్నో రెట్లు బిరుసు. బరువంతా అదే మోసేస్తే పక్కనున్న అసలు ఎముకకు పని ఉండదు, పని లేని ఎముక క్షీణిస్తుంది. అందుకే స్పాంజిలా చిల్లులు పెట్టి ప్రింట్ చేస్తారు. బిరుసు తగ్గుతుంది, ఆ చిల్లుల్లోకి శరీర కణాలు పాకి పట్టుకుంటాయి.

పరంజా కరిగిపోతే?

నడుస్తూ నడుస్తూ తమ్ముడు ఒక్కసారిగా అన్నాడు, “ఇంటర్‌లో మా రూమ్మేట్ ఒకడికి మోకాలు నొప్పన్నా. కబడ్డీలో తగిలిందనుకున్నాం. బామ్ రాశాం, నాటు కట్టు కట్టించారు. రాత్రిళ్లు నిద్రపోయేవాడు కాదు. ఎక్స్‌రే తీసేసరికి నెలలు గడిచిపోయాయి. తొడ దాకా కాలు తీసేశారు.”

ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

ఆ పెద్దాయనకు వచ్చింది వయసు మళ్లినవాళ్లలో ఎక్కువగా కనిపించే రకం. ఆస్టియోసార్కోమా అలా కాదు. ఎదిగే వయసు పిల్లల్నే ఎక్కువగా పట్టుకుంటుంది, అదీ మోకాలి చుట్టుపక్కల. టైమ్‌కి కనిపెడితే కీమో ఇచ్చి, కణితి ఉన్న ఎముక ముక్క వరకే తీసేసి, లోహపుది పెట్టి కాలు కాపాడే అవకాశం ఇవాళ చాలామందికి ఉంది. మన దగ్గర పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లోనూ ఈ ఆపరేషన్లు చేస్తారు. కానీ పిల్లాడు పెరుగుతాడు, లోహం తనంతట తాను పెరగదు. అందుకే సైంటిస్టుల కల వేరే ఉంది. సొంత ఎముకే మళ్లీ పెరగాలి.

ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు కర్రలతో పరంజా కడతారు కదా. గోడ లేచాక విప్పేస్తారు. ఇదీ అంతే. ఎముకలోని ఖనిజానికి దగ్గరగా ఉండే కాల్షియం ఫాస్ఫేట్‌తో పరంజా ప్రింట్ చేస్తే, దాని మీద కొత్త ఎముక పెరుగుతుంది, పరంజా మెల్లగా కరిగిపోతుంది. చైనాలో షాంఘై సిరామిక్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2016లో ఇంకో అడుగు వేశారు. ఆ పరంజాకు గ్రాఫీన్ ఆక్సైడ్ పూత పూసి, కంటికి కనిపించని పరారుణ కాంతిని దాని మీద వేశారు. అది వేడెక్కి, ఎలుకల్లో కణితి ఎదుగుదలను అణిచింది. కుందేళ్లలో అదే పరంజా కొత్త ఎముకకు ఆసరా అయింది. ఆపరేషన్ తర్వాత మిగిలిపోయే క్యాన్సర్ కణాలను చంపడం, ఖాళీని పూడ్చడం, రెండూ ఒకే ముక్కతో!

అయితే అవి ఎలుకలు, కుందేళ్లు. ఆ కాంతి ఒంట్లోకి ఎక్కువ లోతు వెళ్లదు. మనిషి తొడ ఎముక చుట్టూ ఎంత కండ ఉంటుందో తెలుసుగా. కాబట్టి “ఎముక క్యాన్సర్‌కు ప్రింటర్‌తో మందు వచ్చేసింది” అని వాట్సాప్‌లో ఫార్వర్డ్ వస్తే నమ్మకండి.

సాయంత్రం మళ్లీ సెయింట్ విన్సెంట్స్ స్టాప్‌కి వచ్చాం. ఇదే ఆసుపత్రి, ఆర్ఎంఐటీ యూనివర్సిటీ కలిసి 2017లో ఒక ప్రాజెక్టు ప్రకటించాయి. పేషెంట్ ఆపరేషన్ టేబుల్ మీద ఉండగానే, తీసేసిన ఎముకకు సరిపోయే ముక్కను ప్రింట్ చేసి అందించాలన్నది లక్ష్యం. ఎంత వేగం! కానీ ప్రింటర్ ఎంత వేగంగా నడిచినా, ఎక్స్‌రే లేకుండా గడిచిపోయిన ఆ నెలల్ని తిరిగి ఇవ్వలేదు.

మీలో ఎవరికైనా, మీ తమ్ముడికో చెల్లికో, దెబ్బ తగలకుండానే మోకాలి దగ్గర నొప్పి వారాల తరబడి ఉంటే, రాత్రిళ్లు ఎక్కువైతే, వాపు కనిపిస్తే, “ఎదిగే వయసు నొప్పులే” అని వదిలేయకండి. చాలాసార్లు అది క్యాన్సర్ కాదు. అయినా ఒక్క ఎక్స్‌రే తీయించండి.

ట్రామ్ వచ్చింది. దిగేవాళ్లలో ఒక్కరూ తమ మడమల గురించి ఆలోచించి ఉండరు. నేను మాత్రం మెట్టు ఎక్కుతూ నా కాలి వంక ఒకసారి చూసుకున్నాను.