కోనసీమలో డెర్.. డీ.. డాస్!

కోనసీమ పేరు చెప్పగానే కొబ్బరితోటలూ కాలువగట్లూ ఆత్రేయపురం పూతరేకులూ గుర్తొస్తాయి. గల్ఫ్ కూడా గుర్తు రావాలి. రాజోలు, అమలాపురం, కొత్తపేట చుట్టుపక్కల కువైట్‌కో దుబాయ్‌కో మస్కట్‌కో మనిషి వెళ్లని ఊరు అరుదు. ఆడవాళ్లు ఇంటిపనికి, మగవాళ్లు డ్రైవింగుకి... ఏం రాసుందో తెలియని కాగితం మీద సంతకం పెట్టి విమానం ఎక్కినవాళ్లెందరో! భాష అక్కడికి వెళ్లాకే వచ్చేది. అలాంటి ఇళ్లలో ఇప్పుడు నర్సింగ్ చదివి జర్మనీ వైపు చూసే పిల్లలూ ఉన్నారు. ఆ దేశం మాత్రం ముందు భాష, తర్వాతే వీసా అంటోంది.

నైపుణ్యం ఉన్న భారతీయులకు ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని 2024 అక్టోబరులో జర్మనీ ప్రకటించింది. అక్కడ నర్సుగా పూర్తి గుర్తింపు రావాలంటే మామూలుగా బీ2 స్థాయి జర్మన్ రావాలి. దాని ముందు మెట్టు బీ1. గోథే ఇన్‌స్టిట్యూట్ పెట్టే ఈ పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం... దేనికదే విడి. చదివే విభాగం పేరు ‘లేజెన్’. 65 నిమిషాలు, అయిదు భాగాలు, 30 ప్రశ్నలు. పద్దెనిమిది సరిగ్గా రాస్తే గట్టెక్కినట్టే. పదిహేడయితే మళ్లీ ఫీజు, మళ్లీ హైదరాబాదు బస్సు. అమలాపురానికి ఇంకా రైలు రాలేదు మరి! ఒక్కటే ఊరట, తప్పిన ఆ విభాగం ఒక్కటీ మళ్లీ రాసుకోవచ్చు.

రావులపాలెంలో బస్సెక్కి కొత్తపేట, అంబాజీపేట మీదుగా అమలాపురంలో దిగడానికీ ఇంచుమించు అంతే సమయం పడుతుంది. మాదిరి ప్రశ్నపత్రం ఉచితంగానే దొరుకుతుంది. బస్సు కదలగానే తెరిచి, ఊరొచ్చేలోపు ముగించగలిగితే అంతకు మించిన సాధన లేదు. హారన్లూ కుదుపులూ అదనం. నిఘంటువు మాత్రం సంచిలోనే ఉండాలి. పరీక్షలో దాన్ని ముట్టుకోనివ్వరు. బీ1 పదాల పట్టికలో దాదాపు 2,400 మాటలున్నాయి. అవన్నీ బట్టీ పట్టినా పేపర్లో కొత్తమాట ఎదురవుతూనే ఉంటుంది.

అప్పుడు పనికొచ్చేది చీపురు! కొబ్బరీనెల చీపురు అంటే ఏమిటి? కొబ్బరి కాదు, ఈనె కాదు... చీపురు. జర్మన్ సమాసాలదీ అదే తీరు. అసలు వస్తువు చివర్లో ఉంటుంది. ‘హాండ్’ అంటే చెయ్యి, ‘షూ’ అంటే జోడు. ‘హాండ్‌షూ’ అంటే చేతితొడుగు. డెర్, డీ, డాస్ అనే మూడు లింగాల్లో ఏది వాడాలో తేల్చేదీ ఆ చివరి మాటే.

క్రియల దగ్గర ఇంకో తిరకాసు. కొన్నిటిని రెండు ముక్కలు చేసి, చిన్నముక్కని వాక్యం చివరికి నెట్టేస్తారు. డాక్టరుతో అపాయింట్‌మెంట్ గురించిన వాక్యం చివర ‘ఆబ్’ ఉంటే రద్దయినట్టు, ‘త్సూ’ ఉంటే ఖాయమైనట్టు. మిగతా వాక్యమంతా ఒకటే! సగంలో ఆపి ‘అర్థమైపోయింది’ అనుకున్నవాళ్లకి అక్కడే మార్కు పోతుంది. క్రియ కోసం వాక్యం చివరిదాకా ఆగడం తెలుగువాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్యే కాబట్టి కాస్త నయం. గడియారం మాత్రం మనకి ఎదురు తిరుగుతుంది. ‘హాల్బ్ నోయిన్’లో సగమూ తొమ్మిదీ ఉన్నాయి కదాని తొమ్మిదిన్నర అనుకుంటారు. అది ఎనిమిదిన్నర!

మూడో భాగంలో పది ప్రకటనలు, ఏడుగురి అవసరాలు ఉంటాయి. ఎవరికి ఏది సరిపోతుందో కలపాలి. ఒకరికి ఏదీ సరిపోదు, అక్కడ సున్నా వేయాలి. ‘ఇల్లు అద్దెకు’ ప్రకటన చూసి ఫోన్ చేశాక ‘శాకాహారులకే’ అన్న మాట వినబడిన అనుభవం ఉన్నవాళ్లకు ఇది కొత్తేం కాదు. నాలుగో భాగం ఇంకా సరదాగా ఉంటుంది. ఏడుగురు ఒక విషయం మీద అభిప్రాయాలు చెబుతారు. ఒప్పుకుంటున్నారా లేదా అన్నదే ప్రశ్న. ముందు నాలుగు మంచి మాటలు చెప్పి, ‘కానీ’ అని మొదలుపెడతారు. “ఆయ్, చూద్దాం లెండి” అంటే పని జరగదని తెలిసిన కోనసీమవాళ్లకి ఆ మర్యాద వెనకున్న ‘కాదు’ పట్టుకోవడం కష్టమా!

తెలుగు అక్షరం అచ్చులో మొదట కనిపించిందీ జర్మనీలోనే. మద్రాసులో పనిచేసి వెళ్లిన బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ 1746 ప్రాంతంలో హాలె పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. అంతకుముందే మన భాషకు వ్యాకరణమూ రాశాడు. మాదిరి పేపర్లూ బస్సులో సాధనా లేని రోజుల్లో!

పరీక్ష లేకుండానే సర్టిఫికెట్ ఇప్పిస్తామనే ఏజెంట్లుంటారు. వీసా అధికారులు దాన్ని సరిచూసుకోగలరు కాబట్టి ఆ డబ్బు గోదాట్లో పోసినట్టే. పైగా ‘ట్రిపుల్ విన్’ లాంటి జర్మన్ ప్రభుత్వ సంస్థల పథకంలో నర్సుల దగ్గర రుసుమే తీసుకోరు.

ఉద్యోగం ఖాయమయ్యాక ఆసుపత్రి పంపే పెద్ద కాగితం పేరు ‘ఆర్‌బైట్స్‌ఫెర్‌ట్రాగ్’. చివరిమాట ‘ఫెర్‌ట్రాగ్’, అంటే ఒప్పందం. ముందున్నది పని. వారానికి ఎన్ని గంటల డ్యూటీ, ఏడాదికి ఎన్ని సెలవులు, మానేయాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి... అన్నీ అందులో ఉంటాయి. సంతకం పెట్టాల్సిన చోటు ఆఖరి పేజీలో, ఇవన్నీ అయ్యాక వస్తుంది.