మొదలు తిప్పాల

3 ఆగస్టు 2024, శనివారం. జగదల్‌పూర్

వాన తెరిపిచ్చింది కదా అని మధ్యాహ్నం బండి వాకిట్లోకి తీశాను. ఆయిల్ మార్చాలి. కొత్త ఫిల్టరు విశాఖ నుంచి కిరండూల్ రైల్లో, చుట్టాల సంచిలో వచ్చింది. బైలాడీలా ఇనపరాయిని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన లైను ఇది. ఇటు వచ్చేటప్పుడు మా తెలుగువాళ్ల ఆవకాయ జాడీల్నీ, ఇలాంటి చిల్లర సామాన్లనీ మోస్తుంటుంది.

బస్తర్ రోడ్ల మీద తిరిగేవి ఎక్కువగా వంద సీసీ బండ్లు. వాటిలో చాలావాటికి ఆయిల్ వడకట్టే జాలీ ఇంజను లోపలే ఉంటుంది. నాది రెండు సిలిండర్ల 650. దీనికి బయట మరతో బిగించే డబ్బా ఫిల్టరు. దాన్ని విప్పే కప్పు రెంచి మా వీధి షెడ్డులో లేదు, ఉండాల్సిన అవసరమూ వాళ్లకు లేదు.

ఇంజను వెచ్చబెట్టాకే డ్రెయిన్ బోల్టు విప్పాను. ఆయిల్ సుబ్బరంగా దిగింది. ఫిల్టరు మాత్రం కదిలితే ఒట్టు. గుడ్డతో పట్టాను, ఉప్పుకాగితం చుట్టి పట్టాను. పాత సైకిలు ట్యూబు మెలేసి, అందులో కడ్డీ దూర్చి తిప్పాను. రేకు నొక్కుకుపోయింది, అంతే.

పోయినసారి సర్వీసు వేరే ఊళ్లో అయింది; ఆ షెడ్డు పేరు ఇక్కడెందుకు. రబ్బరు రింగు సీటుకు తగిలాక చేత్తో ముప్పావు చుట్టు తిప్పితే సాధారణంగా సరిపోతుంది. చాలా ఫిల్టర్ల డబ్బా మీదే ఆ మాట అచ్చేసి ఉంటుంది. అక్కడి కుర్రాడు రెంచి వేసి బిగించి ఉంటాడు. బలం ఉన్నవాడికి చదవడం దేనికి?

పక్కింటి అబ్బాయి వచ్చి, "స్క్రూడ్రైవరు అడ్డంగా దించి తిప్పేయండి అంకుల్" అన్నాడు. అందరూ చెప్పే వైద్యమే. రేకు చిరిగిందంటే పట్టుకోవడానికి డబ్బా కూడా మిగలదు. వద్దన్నాను.

4 ఆగస్టు, ఆదివారం

హరేలీ అమావాస్య. ఇక్కడి పల్లెల్లో అముస్ తిహార్ అంటారు. నాగళ్లూ గడ్డపారలూ కడిగి పూజ చేస్తారు, పొలాల్లో నల్లజీడి కొమ్మలు గుచ్చుతారు. మెకానిక్కుల వంతు సెప్టెంబరు 17న, విశ్వకర్మ పూజకు వస్తుంది. అయినా కుర్రాళ్లంతా ఊళ్లకు పోయి షెడ్లు మూతపడ్డాయి.

చేసేది లేక దంతేశ్వరి గుడి వైపు నడిచాను. 75 రోజుల బస్తర్ దసరాకు ఈరోజే నాంది, పాట్ జాత్రా. బిలోరీ ఊరి నుంచి తెచ్చిన దుంగకు పూజ చేస్తారు. రథం కట్టే పనిముట్లకు కావలసిన కర్ర అందులోంచే తీస్తారట. ఝార్ ఉమర్‌గావ్, బేడా ఉమర్‌గావ్ ఊళ్ల వడ్రంగులూ కమ్మర్లూ రథం పని చేస్తారు. రథానికి మాను ఇంకా రానేలేదు, పూజ ముందు పనిముట్టుకు! కప్పు రెంచి లేకుండా నిన్న మోకాళ్ల మీద కూర్చున్న నాకు ఈ వరస బాగా నచ్చింది.

5 ఆగస్టు, సోమవారం

గీదం రోడ్డులో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డుకు బండిని ఆటో ట్రాలీలో వేసుకెళ్లాను. ట్రాక్టర్లకీ జీపులకీ ఇలాంటి డబ్బా ఫిల్టర్లే. వీళ్ల చేతిలో రోజూ నలిగే పని. మేస్త్రీ పార్వతీపురం మనిషి. చైన్ రెంచి తెచ్చి చూశాడు. సైలెన్సరు గొట్టాల ఇరుకులో దాని పిడి తిరగలేదు. పక్కన పడేశాడు.

"అందరూ డబ్బానే తిప్పుతారు బాబూ. రేకు నలిగిపోద్ది గానీ ఊడదు. మొదలు తిప్పాల."

మొదలంటే ఇంజనును ఆనుకుని ఉండే మందపాటి ఇనప బిళ్ల. మర దానికే ఉంటుంది. పైన మూసిన డబ్బా పల్చటి రేకు. మొద్దుబారిన ఓ శానాన్ని ఆ బిళ్ల అంచు మడతకు ఏటవాలుగా ఆనించాడు, ఎడమకు తిరిగేలా. చిన్న సుత్తితో టిక్కు టిక్కుమని కొట్టాడు. గట్టిగా ఒక్క దెబ్బా వెయ్యలేదు. చోటు మార్చి మళ్లీ కొట్టాడు. శానం జారితే అల్యూమినియం సీటుకు గాటు పడుతుందని నాకు గుండె పీచుపీచుమంటోంది. ఆయన మాత్రం టీ కుర్రాడితో హల్బీలో బేరమాడుతూనే ఉన్నాడు. ఉన్నట్టుండి బిళ్ల వెంట్రుకవాసి జరిగింది. తర్వాత చేతికే వచ్చేసింది.

రబ్బరు రింగు రాలేదు. నూనె చుక్క రాయకుండా పొడిగా బిగించినట్టున్నారు, ఇంజను వేడికి సీటుకు అట్టులా అంటుకుపోయింది. దాన్ని చూసుకోకుండా కొత్త ఫిల్టరు ఎక్కిస్తే రింగు మీద రింగు పడి, దారిలో ఆయిలంతా కక్కేస్తుంది. మేస్త్రీ వెదురు చీలికతో గీకాడు. ఇనుము తగలనివ్వలేదు. కొత్త రింగుకు వేలితో నూనె రాసి, ఫిల్టరు నా చేతికిచ్చి, "ఇప్పుడు నువ్వు బిగించు బాబూ" అన్నాడు. ముప్పావు చుట్టు తిప్పాను. నేను ఇంకాస్త తిప్పబోతే మణికట్టు పట్టుకున్నాడు.

6 ఆగస్టు, మంగళవారం

చిత్రకోట్ రోడ్డులో కొంతదూరం పోయివచ్చి, ఇంజను ఆపి, కాసేపాగి గాజు కిటికీలో మట్టం చూశాను. తగ్గింది. కారలేదు, కొత్త ఫిల్టరు తన వాటా తాను తాగింది. కొద్దికొద్దిగా పోసి రెండు గీతల మధ్యకు తెచ్చాను. పక్కింటివాళ్లు కంచె గుంజలకు చెదలు పట్టకుండా పూస్తామని పాత ఆయిల్ అడిగారు. ఈ వానల్లో అది కారి వాళ్ల బావి దగ్గరికే చేరుతుందని చెప్పి ఇవ్వలేదు. పెద్దావిడ ముఖం ముడుచుకుంది. డబ్బా మూత బిగించి మేస్త్రీ షెడ్డుకు పంపాను. అక్కడ పాత ఆయిల్ కొనేవాడు డ్రమ్ములతో వస్తాడు.